ఊహించని చోట బాలు తగిలితే ఇక్కడ రాయండి

పెన్నాగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)
శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా చిన్నమామకి బుచ్చి దగ్గర రైస్ మిల్లు ఉంది. నిన్న ఏదో పని మీద వెళ్ళి, ఆయన బ్యాంకు నుంచి వచ్చేదాకా మిల్లులోనే కూర్చున్నాను. అప్పుడే షెల్లర్‌కి రబ్బరు రోళ్ళు మార్చి మళ్ళీ ఆన్ చేశారు. ఒడ్లు పొయ్యనా అని కుర్రాడు అడిగితే, ఆపరేటరు చెయ్యి అడ్డం పెట్టి "ఉండు, బాలు ఇంకా పలకలా" అన్నాడు.

బాలు అనే ఇంకో మనిషి వచ్చి ఓకే అనాలేమో అనుకున్నాను. చుట్టూ చూశాను. ఊక గుట్ట, తవుడు గోతాలు, ఓ పిల్లి. ఇంకెవరూ లేరు. ఆపరేటరు మాత్రం తల ఒక పక్కకి వంచి, మిషన్ వైపు చెవి పెట్టి నిలబడ్డాడు. స్పానరుతో ఏదో కాస్త బిగించాడు. గరగర తగ్గింది. ఇంకో పావు తిప్పు తిప్పాడు. గరగర పూర్తిగా పోయి ఒకటే నిండు మోత మిగిలింది. "ఇప్పుడు పలికాడు. పొయ్యి" అన్నాడు.

టీ తాగేటప్పుడు అడిగాను. బాలు అంటే మన గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యమే. ఆయనకి పని నేర్పిన మేస్త్రీ మాట అట అది. మిషన్ కుదురుగా నడిస్తే బాలు పలికినట్టు. బెల్టు జారి కీచుమంటే బాలుకి జలుబు. బేరింగు పోతే కచేరీ క్యాన్సిల్. ముప్పై ఏళ్ళుగా ఆ మిల్లులో ఇదే భాష. మా మామకి కూడా తెలుసట, నాకే ఎవరూ చెప్పలేదు.

ఇలాంటివి మీకు ఎక్కడెక్కడ తగిలాయో రాయండి. ఒక్కటే షరతు. పాట వినిపించడం లెక్కలోకి రాదు. హోటల్లో, పెళ్ళిలో, ఆటోలో బాలు పాట రావడం వింత కాదు, రాకపోతేనే వింత. ఆయన పేరో, బొమ్మో, మాటల గొంతో, ప్రస్తావనో మనం ఎదురుచూడని చోట తగలాలి. సినిమా, టీవీ, పరాయి దేశం వీడియో, మిల్లు, చేపల మార్కెట్, ఏదైనా సరే.

కారందోసె
శనివారం రాత్రి 9:24

కచేరీ క్యాన్సిల్! ఈ రాత్రికి ఇది చాలన్నా.

నాది పాతదే. చిన్నప్పుడు స్నానానికి వెళ్ళి పాట అందుకుంటే మా నాయన బయట నుంచి అరిచేవాడు, "ఒరే బాలసుబ్రహ్మణ్యం, ట్యాంకులో నీళ్ళు నీ అబ్బ పోస్తాడా?" అని. పోసేది ఆయనే కాబట్టి నాకు నవ్వొచ్చేది. ఇది ప్రస్తావన కిందకి వస్తుందా?

పెన్నాగట్టు
శనివారం రాత్రి 9:31

రాదు తమ్ముడూ. ఆ తిట్టు నెల్లూరులో సగం ఇళ్ళలో ఉంది. ఊహించని చోట అన్నాను.

ఒంగోలుగిత్త
శనివారం రాత్రి 9:50

నాది వినండి, కడుపు మండిన కథ.

పోయిన నెల బైకు మీద ఒంగోలు నుంచి సింగరాయకొండ వెళ్తున్నా. ముందు చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు వేసుకుని కృష్ణపట్నం పోర్టు వైపు పోయే లారీ. వెనక తలుపు మీద పెద్ద అక్షరాలతో "బాలు". పక్కన మైకు బొమ్మ. ఆహా, అభిమాని అంటే వీడురా అనుకుని ఫోటో కోసం వెంటపడ్డా. దుమ్ము, ఎండ, పైన రెండు దిమ్మెలు. అవి నా మీద పడితే కథ అయిపోయినట్టే. టంగుటూరు టోల్‌గేటు దగ్గర లారీ ఆగింది. దిగి, "అన్నా, బాలు గారంటే మీకూ ఇష్టమా?" అని డ్రైవర్ని అడిగా.

"మా ఓనరు కొడుకు పేరన్నా అది" అన్నాడు.

దగ్గరికెళ్ళి చూస్తే అది మైకు కాదు. కోన్ ఐస్‌క్రీం.

పెన్నాగట్టు
శనివారం రాత్రి 9:53

కొట్టివేయడమైనది. కానీ ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇదే బాగుంది.

కందుకూరు మాస్టారు
ఆదివారం ఉదయం 6:40

ముందు ఒక మాట. శీర్షికలో ఒట్టి "బాలు" ఏమిటి? "బాలు గారు" అనాలి.

ఇక నా వంతు. ఆరో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. "మీ జిల్లాలోని ప్రముఖుల్లో ఒకరి గురించి ఐదు వాక్యాలు రాయుము" అని ప్రశ్న. పొట్టి శ్రీరాములు గారు, టంగుటూరి ప్రకాశం గారు వరసగా వస్తున్నారు. మధ్యలో ఒక పిల్ల రాసిన జవాబు: "బాలు గారు టీవీలో సారు. ఆయన తప్పు పాడినవాళ్ళను కొట్టరు. మొదట బాగుంది అంటారు. తర్వాత తప్పు చెబుతారు. మా సారు కూడా అలా చెబితే బాగుండును." లెక్కపెట్టాను. సరిగ్గా ఐదు వాక్యాలు. ఐదుకి ఐదు వేయక తప్పలేదు.

పాడుతా తీయగా ఈటీవీలో 1996లో మొదలైంది. ఈ పిల్ల అప్పటికి పుట్టలేదు సరే, పిల్ల తల్లి కూడా బడిలోనే ఉండి ఉంటుంది. అంతా ఫోనులో పాత ఎపిసోడ్లు చూసిన జ్ఞానం.

2022లో కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు మా స్టాఫ్‌రూంలో చాలామందికి కష్టమే అనిపించింది. నాకు మాత్రం బాలు గారు మా జిల్లావారయ్యారని లోపల చిన్న సంతోషం. ఎవరికీ చెప్పలేదు.

గూడూరు నిమ్మ
ఆదివారం ఉదయం 7:15

మాస్టారూ, అదే 2022లో మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో వేశారు. మీకు బాలు వచ్చాడు, మాకు పోయాడు. అయినా ఆయన్ని మా నుంచి ఎవరూ లాక్కోలేరు. గూడూరులో జరిగిన పాటల పోటీకి అతిథిగా వచ్చిన జానకమ్మే ఆ కుర్రాడి పాట విని, సినిమాల్లో ప్రయత్నించమని చెప్పింది. అప్పటికి ఆయన చదువుకునే పిల్లాడు. నిమ్మకాయలు కాకుండా మేం లోకానికి ఇచ్చింది ఆ ఒక్క సలహా.

అర్ధరాత్రి రేడియో
ఆదివారం ఉదయం 10:05

స్థానికం చాలు, కాస్త సముద్రం దాటదాం.

2008 ప్రాంతంలో నేను బెంగళూరులో కొత్త ఉద్యోగంలో ఉన్నాను. ఆఫీసులో ఒకరోజు ఓ తెల్లాయన తన కుర్చీ చుట్టూ నలుగుర్ని పోగేసి ఏదో వీడియో చూపించి పగలబడి నవ్వుతున్నాడు. "ఇండియన్ థ్రిల్లర్" అట. వెళ్ళి చూస్తే మన చిరంజీవి, ఎర్ర కోటు, సమాధుల్లోంచి లేచే దయ్యాలు. 1985లో వచ్చిన "దొంగ" సినిమాలో గోలీమార్ పాట. వాళ్ళు బొమ్మ చూసి నవ్వుతున్నారు. నాకు మాత్రం అక్కడ బాలు, జానకమ్మ వినిపిస్తున్నారు. అంత గోలలోనూ ఆయన ఒక్క అక్షరం మింగలేదు, ఎక్కడా వెకిలితనం లేదు. "పాడింది మా ఊరాయన" అన్నాను. "ఏది, ఆ దయ్యమా?" అన్నాడు తెల్లాయన.

పాట లెక్కలోకి రాదంటారేమో. అమెరికావాడి కంప్యూటర్లో, నా ఆఫీసులో, ఎవరికీ పేరు తెలియకుండా రావడం లెక్కలోకి రావాలి. కాదంటే మీ ఇష్టం.

మైపాడు గాలి
ఆదివారం ఉదయం 10:20

రేడియో అన్నా, సగమే చెప్పావు. ఆ సినిమా తీసిన కోదండరామిరెడ్డి గారిది మా మైపాడు. పాడింది నెల్లూరు, తీసింది మైపాడు, నవ్వింది అమెరికా. ఇంకేం కావాలి?

పెన్నాగట్టు
ఆదివారం ఉదయం 10:41

సరే, పరాయి దేశంలో అయితే పాటకి మినహాయింపు ఇస్తున్నాను. ఇక్కడి ఆటోలకి మాత్రం లేదు.

డాలస్‌లో నెల్లూరోడు
ఆదివారం ఉదయం 11:30

మినహాయింపు దొరికింది కదా, నాదీ వేసుకోండి. తమిళ పాట కింద, అది ఇంగ్లీషులో ఎలా వినిపిస్తే అలా అక్షరాలు వేసి 2007లో ఒకడు పెట్టిన వీడియో గుర్తుందా? "బెన్నీ లావా" అని లోకమంతా తిరిగింది. కొండల మీద ప్రభుదేవా డాన్సు. అందులో గొంతు బాలుదే. ఇక్కడ పార్టీల్లో ఎవరైనా అది పెడితే ఈయన మావాడే అని చెప్పుకుంటూ వచ్చా.

అర్ధరాత్రి రేడియో
ఆదివారం ఉదయం 11:38

నెల్లూరోడా, పదిహేనేళ్ళకు పైగా తప్పు చెప్పుకుంటూ వచ్చావు. ఆ పాట పాడింది దేవన్, జయంతి. బాలు కాదు. ప్రభుదేవాకి బాలుతో చుట్టరికం వేరే ఉంది. 1994లో వచ్చిన ప్రేమికుడులో ఆయన ప్రభుదేవాకి తండ్రిగా వేశాడు, కొడుకుతో కలిసి చిందేశాడు కూడా. అంత ఒళ్ళు పెట్టుకుని ఆ స్టెప్పులు వేసిన మనిషిని అంతకుముందు గాయకుల్లో నేను చూడలేదు.

డాలస్‌లో నెల్లూరోడు
ఆదివారం ఉదయం 11:52

పరువు పోయింది. ఎంతమందికి చెప్పానో. ఇప్పుడు వాళ్ళందరికీ ఫోన్ చెయ్యాలా?

పరిహారంగా ఇంకోటి ఇస్తా, ఇది రెండుసార్లు సరిచూసుకుని రాస్తున్నా. బ్రిటన్‌లో ఎం.ఐ.ఏ. అని శ్రీలంక తమిళ కుటుంబం అమ్మాయి, ర్యాప్ పాడుతుంది. 2007లో "కలా" అని ఆల్బం తెచ్చింది, వాళ్ళమ్మ పేరు. అందులో మొదటి పాట "బాంబూ బంగా". వింటూ ఉంటే వెనక డప్పులు ఎక్కడో విన్నట్టు ఉంటుంది. మణిరత్నం దళపతిలో ఇళయరాజా పాట ముక్క అది. తమిళంలో ఏసుదాసు, బాలు కలిసి పాడారు, తెలుగులోనూ వాళ్ళిద్దరే. మన ఊళ్ళలో దీపావళికి మైకుల్లో పెట్టే పాట, అక్కడ లండన్ పిల్లలు ఊగే పాట కింద దాక్కుంది.

అర్ధరాత్రి రేడియో
ఆదివారం మధ్యాహ్నం 12:10

ఇప్పుడు కుదిరింది. దళపతి పేరెత్తావు కాబట్టి ఇదీ చేర్చుకో. 2002లో బీబీసీ వరల్డ్ సర్వీసు డెబ్బై ఏళ్ళ పండగకి ప్రపంచంలో అందరికీ ఇష్టమైన పాట ఏదని శ్రోతల్ని ఓట్లడిగింది. ఐర్లండు పాట మొదటిది, మన వందేమాతరం రెండోది, పాకిస్తాన్ వాళ్ళది మూడోది. నాలుగోది దళపతి సినిమాలో రజనీకాంత్ గుడి ముందు ఆడే పాట, తమిళంలో బాలు, స్వర్ణలత పాడింది. ఓట్లు ఎక్కువ వేసినవాడిదే గెలుపు అని తెలుసు. అయినా లండన్ రేడియోలో ఆ జాబితా చదువుతుంటే మనవాడి పేరు మోగి ఉంటుంది కదా.

కారందోసె
ఆదివారం మధ్యాహ్నం 1:02

రికార్డులు అంటే గుర్తొచ్చింది. నలభై వేల పాటలతో గిన్నిస్‌లో ఎక్కింది బాలునే కదా? మా వాట్సాప్ గ్రూపులో ప్రతి పుట్టినరోజుకీ వస్తుంది.

కందుకూరు మాస్టారు
ఆదివారం మధ్యాహ్నం 1:30

వాట్సాప్‌లో నెహ్రూ గారు కూడా రోజూ ఏదో ఒకటి అంటుంటారు, నాయనా. నలభై వేలు అని అందరూ రాస్తారు, గిన్నిస్ వాళ్ళ లెక్క వేరు. 2016లో వాళ్ళు గుర్తించింది సుశీలమ్మ గారిని, 17,695 పాటలకు. బాలు గారికి లేని కిరీటాలు మనం పెట్టనక్కర్లేదు. ఆరు జాతీయ అవార్డులు, అవీ తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగు భాషల్లో. అవి చాలవా?

చదరంగం నాన్న
ఆదివారం సాయంత్రం 5:45

నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. ఒంగోలు.

మా అబ్బాయిని చెస్ కోచింగ్‌లో వేశాను. ఆదివారం పొద్దున పిల్లలు ఆడుతుంటే తల్లిదండ్రులం వెనక కుర్చీల్లో కూర్చుంటాం. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. నాకు ఆట రాదు, నిద్ర వస్తుంది. ఒకరోజు కోచ్ గారు బోర్డు మీద విశ్వనాథన్ ఆనంద్ పాత గేమ్ ఒకటి పెట్టి పిల్లల్ని అడిగారు: "ఆనంద్‌కి మొదట స్పాన్సర్ చేసింది ఎవరు?" ఒకడు టాటా అన్నాడు. ఒకడు బూస్ట్ అన్నాడు. మావాడు ముఖ్యమంత్రి అన్నాడు. "ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం" అన్నారాయన.

నా మత్తు వదిలిపోయింది. ఏదో సరదాకి అన్నారనుకుని ఇంటికొచ్చి వెతికాను. నిజమే. 2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయిన రోజు ఆనంద్ స్వయంగా ట్విట్టర్లో రాశాడు. 1983లో జాతీయ జట్ల పోటీకి తమ చెన్నై కోల్ట్స్ జట్టుకు బాలు గారే స్పాన్సర్ అని, తన మొదటి స్పాన్సర్ ఆయనేనని. అప్పటికి ఆనంద్ పదమూడేళ్ళ పిల్లాడు. ఎవరికి తెలుసు వాడు ఎవరవుతాడో. పాటగాడికి చదరంగంతో ఏం పని? అయినా డబ్బు పెట్టాడు.

వచ్చే ఆదివారం నుంచి నేను నిద్రపోను అని మా ఆవిడతో అన్నాను. పోయాను అనుకోండి, అది వేరే సంగతి.

పెన్నాగట్టు
ఆదివారం సాయంత్రం 6:00

చదరంగం నాన్న గారూ, రండి రండి, ముందు వరసలో కూర్చోండి. మిల్లుని పక్కన పెట్టేస్తున్నాను. దీని మీద ఇంకోటి ఎవరైనా వేస్తే చూడాలి.

మైపాడు గాలి
ఆదివారం సాయంత్రం 6:08

ఇది నాకు నిజంగా తెలియదు. ఇన్నేళ్ళ అభిమానం ఏం చేసుకోను.

మార్కాపురం పలక
ఆదివారం రాత్రి 8:30

చెస్ అంత పెద్దది కాదు గానీ ఇంట్లో జరిగింది చెప్తాను.

మా జేజికి అన్నమయ్య సినిమా టీవీలో వస్తే పూజ కిందే లెక్క. కాళ్ళు కడుక్కుని, పైట సర్దుకుని కూర్చుంటుంది. వెంకటేశ్వరస్వామిగా సుమన్ మాట్లాడినప్పుడల్లా రెండు చేతులూ ఎత్తుతుంది. ప్రకటనలు వస్తే దించుతుంది. ఒకసారి నేను ఉండబట్టలేక, "జేజీ, సుమన్ది మొహమే, మాట బాలుది" అన్నాను. ఎందుకన్నానా అని తర్వాత బాధపడ్డాను. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. మళ్ళీ స్వామి వచ్చాడు. ఈసారి చేతులెత్తి కళ్ళు మూసుకుంది. అదేంటి జేజీ, చూడవా అంటే, "మొహం ఎవరిదో అయినప్పుడు చూసేదేముంది, మాట వింటే పోలా" అంది.

అప్పటి నుంచి ఆ సినిమా వస్తే కళ్ళు మూసుకునే వింటోంది. మధ్యలో నిద్రపోయిందేమో అని నేను సౌండు తగ్గిస్తే తిడుతుంది.

1997లో ఆ డబ్బింగుకి బాలుకి నంది అవార్డు కూడా వచ్చింది. పాటకి కాదు, మాటకి.

అర్ధరాత్రి రేడియో
ఆదివారం రాత్రి 8:55

జేజికి దండాలు చెప్పక్కా.

డబ్బింగు సంగతి తీస్తే ఇక నన్నెవరూ ఆపలేరు. తెలుగులో కమల్‌హాసన్ మాట్లాడుతున్నాడని మనం అనుకునే సినిమాల్లో ఎన్నింట్లో మాట్లాడేది బాలునో. 1976లో బాలచందర్ మన్మథలీల తెలుగులోకి వచ్చినప్పుడు అనుకోకుండా మొదలైంది ఆ పని. దశావతారం దగ్గరికి వచ్చేసరికి కమల్ పది వేషాల్లో ఏడింటికి తెలుగు గొంతు ఆయనదే, ముసలమ్మ వేషంతో సహా. నేను హాల్లో రెండుసార్లు చూసి ముసలమ్మకి ఎవరో ఆడమనిషి చెప్పిందనే అనుకున్నా.

అన్నిటికంటే పెద్ద దెబ్బ అటెన్‌బరో తీసిన గాంధీ. బడి నుంచి వరసలో నడిపించుకుంటూ తీసుకెళ్ళి చూపించారు మాకు. గాంధీతాత తెలుగు భలే మాట్లాడాడే అనుకున్నా. బెన్ కింగ్‌స్లీకి తెలుగు చెప్పింది బాలు అని తెలిసేసరికి నాకు ముప్పై ఏళ్ళు దాటాయి. అంటే వెంకన్నా ఆయనే, గాంధీ ఆయనే, కమల్ ఆయనే, కమల్ వేసిన ముసలమ్మా ఆయనే.

గూడూరు నిమ్మ
ఆదివారం రాత్రి 9:10

మరి ఈమధ్య ఏఐతో ఆయన గొంతు పుట్టిస్తున్నారే, అది తగిలితే రాయొచ్చా?

మైపాడు గాలి
ఆదివారం రాత్రి 9:14

వద్దు. మిషన్ గొంతుకి బాలు అని పేరెందుకు?

కారందోసె
ఆదివారం రాత్రి 9:16

మరి మిల్లు మిషన్‌కి పెట్టారుగా.

మైపాడు గాలి
ఆదివారం రాత్రి 9:21

తమ్ముడూ, మిల్లు మేస్త్రీ మిషన్ని బాలు అంత బాగుందని అన్నాడు. వీళ్ళు మిషన్నే బాలు అంటున్నారు. రెండూ ఒకటేనా? 2023లో ఒక సినిమాలో అడక్కుండా అలా వాడితే వాళ్ళబ్బాయి చరణ్ మరుసటి ఏడు లీగల్ నోటీసు పంపాడు. ఇంట్లోవాళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించు.

డాలస్‌లో నెల్లూరోడు
ఆదివారం రాత్రి 9:40

నేనొకటి విన్నా, దాచను. మొదటి లైను వినగానే ఒళ్ళు జలదరించింది. రెండో లైనుకి ఏదో తేడా కొట్టింది. బాలు పాటలో మాట చివర ఒక చిన్న నవ్వో, నిట్టూర్పో ఉంటుంది చూడండి, అది అసలు రాదు. అడిగి, డబ్బిచ్చి చేస్తే తప్పేముంది అని మాత్రం అనిపించింది.

పెన్నాగట్టు
ఆదివారం రాత్రి 9:48

దీనికి విడిగా చర్చ పెట్టుకోండి. ఇక్కడ ఏఐ లెక్కలోకి రాదు.

రంగనాయకులపేట అక్క
సోమవారం మధ్యాహ్నం 2:15

ఇప్పుడే మొత్తం చదివాను, అన్నం చల్లారిపోయింది.

పోయిన వారం చెన్నై వెళ్ళడానికి పినాకిని ఎక్కాను. ఎదురు సీట్లో అరవాయన, పక్కన బెంగళూరు కన్నడావిడ. ఎవరి ఫోనులోనో రింగ్‌టోన్ మోగింది. అరవాయన "మా ఎస్పీబీ" అన్నాడు తనలో తను అనుకున్నట్టు. కన్నడావిడ ఊరుకోలేదు. "మీ ఎస్పీబీ ఏంటి, విష్ణువర్ధన్‌కి పాడింది ఎవరు? మా టీవీలో ఎదె తుంబి హాడువెను చేసింది ఎవరు? వచ్చే జన్మలో కర్ణాటకలో పుడతానన్నారు ఆయన" అని మొదలుపెట్టింది. ఆయన తమిళంలో, ఆవిడ కన్నడంలో, మధ్యమధ్య ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషులో. చెన్నైలో ఆయన ఇల్లున్న కామ్‌దార్ నగర్ వీధికి 2024లో ఆయన పేరు పెట్టారు, తెలుసా అన్నాడాయన. అయితే ఏం అంది ఆవిడ.

నేను పులిహోర డబ్బా మూత తీస్తూ, "మాది నెల్లూరండీ. తిప్పరాజువారి వీధిలో వాళ్ళ ఇల్లు. మా ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకి కూడా ఆయన పేరే" అన్నాను నెమ్మదిగా.

ఇద్దరూ ఆగి నా వైపు చూశారు. పెళ్ళివారింట్లో ఎవరు ముందు బట్టలు పెట్టాలా అని కొట్టుకుంటున్నవాళ్ళు పెళ్ళికూతురి తల్లి వస్తే చూస్తారే, అలా. ఆ తర్వాత అరవాయన పులిహోర మొదట నన్నే తినమన్నాడు. నా పులిహోరే!

పెన్నాగట్టు
సోమవారం మధ్యాహ్నం 2:40

అక్కా, ఇది చెస్ పక్కన కూర్చుంటుంది.

కందుకూరు మాస్టారు
సోమవారం మధ్యాహ్నం 3:05

అమ్మా, ఆ తిప్పరాజువారి వీధి ఇంటి గురించి ఇక్కడి పిల్లలకి తెలియకపోవచ్చు. 2020 ఫిబ్రవరిలో బాలు గారు ఆ ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. స్వయంగా వచ్చి అప్పగించారు. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పినవారు. ఆ ఏడు సెప్టెంబరుకే బాలు గారు లేరు.

మూలాపేట కొరియర్
సోమవారం రాత్రి 10:20

మాస్టారు గారూ, ఆ వైపు నేను రోజూ పార్సిళ్ళు వేస్తాను. కొత్తలో ఒక అడ్రస్ దొరక్క ఒక పెద్దాయన్ని అడిగితే, "బాలు ఇల్లు దాటి రెండో సందు" అన్నాడు. ఇల్లు ఇచ్చేశారు కదా, ఇంకా బాలు ఇల్లేంటి అన్నాను. "ఇచ్చింది ఇల్లు, అడ్రస్ కాదు" అన్నాడు. నా డెలివరీ యాప్‌లో ఆ ల్యాండ్‌మార్కు లేదు. అయినా ఇప్పుడు నేనూ కొత్త పిల్లలకి అలాగే చెప్తున్నా.

కారందోసె
సోమవారం రాత్రి 10:31

ఈ కొరియర్ అన్న ఎవరో గానీ, ఒక్క పోస్టుతో అందర్నీ కొట్టేశాడు.

పెన్నాగట్టు
మంగళవారం రాత్రి 8:00

ఈరోజు మళ్ళీ మిల్లుకి వెళ్ళాను. ఆపరేటరుకి ఇదంతా చెప్పాను. ఆనంద్ సంగతి, లండన్ రేడియో, ట్రైన్లో గొడవ, జేజి. ఫోనులో మీ పోస్టులు చదివి వినిపించాను. ఆయన చేతులు తుడుచుకుంటూ మొత్తం విన్నాడు. చివరికి అడిగింది ఒక్కటే: "ఆ చదరంగం ఆయనకి ఎంత ఇచ్చుంటాడు సార్, బాలు?" నాకు తెలియదన్నాను. "ఎంతైనా, అప్పట్లో అది పెద్ద మొత్తమే" అని పోయి బెల్టు చూసుకున్నాడు.

ఒంగోలుగిత్త
బుధవారం సాయంత్రం 6:25

మిత్రులారా, లారీ దొరికింది!

సింగరాయకొండ దాటాక హైవే పక్కన టీ కొట్టు దగ్గర ఆగి ఉంది. అదే కోన్ ఐస్‌క్రీం. ఈసారి ఓనరే పక్క సీట్లో ఉన్నాడు. పోయినసారి అడగని ప్రశ్న ఈసారి అడిగా. "అన్నా, బాబుకి బాలు అని పేరు ఎందుకు పెట్టారు?" అని. మనసులో జవాబు ముందే రాసేసుకున్నా. పోస్టు కూడా సగం టైపు చేసుకున్నా.

"మా నాయన పేరు బాలకోటయ్య" అన్నాడు.

ఐస్‌క్రీం ఎందుకన్నా అంటే పిల్లాడికి ఇష్టమట. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు, అంత ఆశగా అడిగానని జాలిపడ్డాడేమో. క్యాబిన్ తలుపు తీసి ఎక్కుతుంటే లోపల స్టీరియో మోగుతోంది. ఎవరి గొంతో నేను చెప్పక్కర్లేదు. కానీ షరతు ప్రకారం పాట లెక్కలోకి రాదు కదా, పెన్నాగట్టు అన్నా?

పెన్నాగట్టు
బుధవారం సాయంత్రం 6:27

రాదు. ఏ పాటో చెప్పి పో.